ఘాటు ఊళ్లో నిదానపు ఆట

గుంటూరులో ఫిబ్రవరి వచ్చిందంటే మిర్చియార్డుకు వెళ్లేవాళ్లకు ముందుగా స్వాగతం చెప్పేవి తుమ్ములే! ఎటు చూసినా ఎర్రటి టిక్కీలు... వాటి పక్కన ముక్కుకు తువ్వాలు చుట్టుకున్న రైతులు. నల్లరేగడిలో పత్తీ మిర్చీ పండించే ఈ రైతుల మనసులో ఒకటే లెక్క. సరుకు ఇవాళే అమ్మేయాలా, కోల్డ్‌స్టోరేజీలో పెట్టి మంచి ధర కోసం ఆగాలా? తొందరపడినా నష్టమే, మరీ ఆగినా నష్టమే.

చదరంగానిదీ ఇదే లెక్క. ఆ ఆటలో ఆరితేరిన ఇద్దరు గ్రాండ్‌మాస్టర్లు పుట్టింది ఈ ఊళ్లోనే. 1986లో పుట్టిన పెంటేల హరికృష్ణ 2001లో గ్రాండ్‌మాస్టరై, 2004లో కొచ్చిలో ప్రపంచ జూనియర్ కిరీటం గెలిచాడు. 1991లో పుట్టిన ద్రోణవల్లి హారిక చదువుకున్నది ఇక్కడి శ్రీ వేంకటేశ్వర బాలకుటీర్‌లో. 2011లో తనూ గ్రాండ్‌మాస్టర్ అయింది.

హారిక ఓర్పుకు అసలు పరీక్ష ఎదురైంది మాత్రం టెహ్రాన్‌లో. 2017 ఫిబ్రవరి, మహిళల ప్రపంచ ఛాంపియన్‌షిప్ సెమీఫైనల్. ఎదురుగా చైనా క్రీడాకారిణి తాన్ జోంగీ. మామూలు ఆటలు రెండు, ఆ తర్వాత గడియారం వేగం పెంచుతూ ఇంకో ఆరు... ఎనిమిది ఆటలయ్యాకా ఇద్దరూ సమానమే! ఇక మిగిలింది ఆర్మగెడాన్. తెల్లపావులకు 5 నిమిషాలు, నల్లపావులకు 4. తెల్లపావులవారు గెలిచి తీరాలి, నల్లపావులవారికి డ్రా అయినా చాలు. ఆ ఒక్క ఆటలో హారిక ఓడిపోయింది. తాన్ ఫైనల్ కూడా గెలిచి ప్రపంచ ఛాంపియన్ అయింది.

2012లో, 2015లో కూడా హారిక సెమీస్‌లోనే ఆగిపోయింది. ముచ్చటగా మూడు కాంస్యాలు! ఇంకొకరైతే పావులు సర్దేసేవారేమో. ఆమె మాత్రం బల్ల వదల్లేదు. 2004లో 13 ఏళ్ల వయసులో తొలిసారి ఒలింపియాడ్ ఆడిన ఆమె, 2022లో చెన్నైలో నెలలు నిండిన గర్భిణిగా ఉండి కూడా దేశం కోసం ఆడింది. జట్టుకు కాంస్యం వచ్చింది. రెండేళ్లు తిరిగేసరికి బుడాపెస్ట్‌లో భారత మహిళల జట్టు స్వర్ణం గెలిచింది. అందులో హారికా ఉంది... అప్పటికి ఆమె వయసు 33 ఏళ్లు.