జి.మాడుగులలో పాత వాల్వు సెట్టు గొంతు

మాడుగుల అనగానే హల్వా గుర్తొచ్చిందా? అయితే మీరు అనుకుంటున్నది వి.మాడుగుల. వి అంటే వడ్డాది. అది కొండ కింద ఊరు. నేను చెప్పబోయేది కొండ మీదున్న జి.మాడుగుల. జి అంటే గంగరాజు. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఇదొక మండల కేంద్రం. చలికాలంలో లంబసింగి, మినుములూరులతో పాటు దీని పేరూ వాతావరణ వార్తల్లో వినిపిస్తుంది. రీల్స్ తీసుకునేవాళ్లు కొత్తపల్లి జలపాతం కోసం వస్తారు. మేం మాత్రం ఒక పాత మైకు సెట్టు కోసం వెళ్లాం.

వైజాగ్‌లో నాకో దోస్తు ఉన్నాడు. పాత ఆంప్లిఫయర్లు బాగుచేస్తాడు. ఈ కథలో వాణ్ని మెకానిక్ అనే పిలుద్దాం. గిటార్ నేర్చుకుంటున్న ఒక డిగ్రీ కుర్రాడు వాడి దగ్గరికొచ్చి, "అన్నా, మా తాతకి వాల్వుల సెట్టు ఉంది. గిటార్ పెడితే కందిరీగల పుట్ట కదిపినట్టు ఉంటోంది. ఒకసారి చూడవా?" అన్నాడు. ఫోన్ యాప్‌లో వందరకాల ట్యూబ్ ఆంప్‌ల గొంతులు విని విని, నిజమైనదొకటి ఇంట్లోనే ఉందని తెలిశాక వాడికి నిద్ర పట్టట్లేదు.

చోడవరం, వి.మాడుగుల దాటాక ఘాట్ మొదలవుతుంది. మలుపు మలుపుకీ చెవులు గుయ్ మంటాయి. పైకెళ్తే సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, ఆ నీడలో కాఫీ తోటలు. పాడేరులో టీ తాగి ఇంకో బస్సెక్కాం.

పెంకుటింట్లో అటక మీద, పాత దుప్పటి చుట్టి ఉంది సెట్టు. బరువైన ఇనప పెట్టె. కంపెనీ పేరు ఎప్పుడో చెరిగిపోయింది. తాత దీన్ని పెళ్లిళ్లకి, జాతరలకి అద్దెకిచ్చేవాడు. ఇప్పుడు కుర్రాడి చిన్నాన్న నడుపుతున్నాడు. ముందు పలకకి కన్నం చేసి నీలం లైటుతో మెరిసే బ్లూటూత్ బోర్డు పెట్టించాడు.

మైకు సెట్టుకి గిటార్ ఏంటి అనుకోకండి. పాతకాలం క్రిస్టల్ మైకు కోసం పెట్టిన ఇన్‌పుట్, గిటార్ పికప్‌కి కూడా బాగానే సరిపోతుంది. లోపల సంగతీ అంతే. రెండింట్లోనూ గాజు వాల్వులే. అంతెందుకు, మార్షల్ ఆంప్ పుట్టిందే ఇంకొకరి డిజైన్ మీద. 1962లో లండన్‌లో డ్రమ్స్ కొట్టుకునే జిమ్ మార్షల్ షాపులో, అమెరికా ఫెండర్ కంపెనీ బేస్‌మన్ ఆంప్‌ని నమూనాగా పెట్టుకుని తయారుచేశారు. కానీ ప్రతి మార్పూ ఇలా కలిసిరాదు. 1965లో ఫెండర్‌ని సీబీఎస్ కొన్నాక, కొన్నాళ్లకి ఆంప్‌ల ముందు పలక వెండిరంగుకి మారింది, కొన్ని మోడళ్లలో లోపలి సర్క్యూట్ కూడా మారింది. వాటిని మళ్లీ పాత నల్లపలక సర్క్యూట్‌కి తిప్పించుకునే గిటారిస్టులు ఇవాళ్టికీ ఉన్నారు.

మెకానిక్ మూత విప్పాడు. ఇక్కడొక మాట, మీరు మాత్రం యూట్యూబ్ చూసి విప్పకండి. ప్లగ్ పీకేసినా లోపల పెద్ద కెపాసిటర్లలో నాలుగొందల వోల్టుల దాకా నిలవుండొచ్చు. వాడు ఒక చెయ్యి జేబులో పెట్టుకుని, రెండో చేత్తో రెసిస్టర్ ఆనించి ఆ చార్జి దించాడు. తర్వాత చాలాసేపు ఏమీ ముట్టుకోలేదు, ఊరికే చూశాడు. సర్క్యూట్ బొమ్మ లేదు మరి. ఫ్యాక్టరీలో వేసిన టంకం మసకబారి ఉంటుంది, తర్వాత వేసింది మెరుస్తుంది. పాత వైరుకి గుడ్డ తొడుగు, కొత్తదానికి ప్లాస్టిక్. మెరిసే టంకాలన్నీ లెక్కపెట్టి నోట్‌బుక్‌లో రాసుకున్నాడు, ఫోన్లో ఫొటోలు తీశాడు. నాకు ఆ గంటే బాగా నచ్చింది.

పెద్ద గొడవ రెక్టిఫయర్ దగ్గర ఉంది. ఏసీని డీసీ చేసే ఆ వాల్వు ఎప్పుడో పోతే, ఎవరో దాని సాకెట్లో రెండు డయోడ్లు అతికించేశారు. చవక పని, వెంటనే పనిచేస్తుంది. కానీ ఆ వాల్వు తన దగ్గర కొన్ని పదుల వోల్టులు మింగేది. డయోడ్ దాదాపు ఏమీ మింగదు. దాంతో పవర్ వాల్వుల మీద వోల్టేజి పెరిగిపోయి, అవి ఎర్రగా కాలుతున్నాయి. గొంతూ మారింది. తీగ గట్టిగా మీటినప్పుడు పాత రెక్టిఫయర్ ఒక్క క్షణం తగ్గి మళ్లీ లేస్తుంది, స్వరం ఊపిరి పీల్చినట్టు ఉబ్బుతుంది. డయోడ్లతో ఆ ఊపిరి పోయింది. పైగా డీజే బాక్సుల్ని 8 ఓమ్స్ టెర్మినల్‌కి కాకుండా, దూరంగా వైర్లు లాగే హారన్ల కోసం ఇచ్చిన 100 వోల్టుల లైనుకి కలిపారు. కందిరీగల గోల సగం అక్కడిదే.

ఒకప్పుడు ఇలాంటి వాల్వులు మన దగ్గరే తయారయ్యేవి. బెంగళూరు బీఈఎల్ 1961లో మొదలుపెట్టింది. ఇప్పుడు కొత్తవి కావాలంటే స్లొవేకియా, చైనా, రష్యాలే దిక్కు. 2022లో యుద్ధం వచ్చాక ధరలు ఎగిరిపడ్డాయి. మావాడు పాత స్టాకులోంచి ఒక రెక్టిఫయర్ వాల్వు సంచిలో వేసుకొచ్చాడు. ఎండిపోయిన కెపాసిటర్లు మార్చాడు. తీసిన ప్రతి ముక్కనీ కవర్లో వేసి, ఎక్కడ్నుంచి తీశాడో రాసి, పెట్టె అడుగున పెట్టాడు. రేపు ఇంకెవరైనా వెనక్కి తిప్పాలనుకుంటే దారి ఉండాలి కదా.

ఒక్క మార్పు మాత్రం ముట్టుకోలేదు. అసలు సెట్టుకి రెండు పిన్నుల ప్లగ్గే ఉండేదట. మైకు పట్టుకుంటే షాక్ కొట్టేది. తర్వాతెవరో పుణ్యాత్ముడు మూడో పిన్ను పెట్టి ఎర్త్ కలిపాడు. "ఒరిజినల్ అంటే రెండు పిన్నులే కదన్నా?" అన్నాడు కుర్రాడు. తాత వెంటనే అందుకున్నాడు. "ఆ ఒరిజినల్ మాకొద్దురా. నాను తిన్న దెబ్బలు చాలు."

అసలు పంచాయితీ బ్లూటూత్ దగ్గర వచ్చింది. బోర్డుకి కరెంటు వాల్వుల ఫిలమెంట్ లైనులోంచి లాగారు, అందుకే ఎప్పుడూ ఒకటే హమ్మింగ్. తీసేద్దామన్నాడు మెకానిక్. చిన్నాన్న మొహం మాడ్చుకున్నాడు. "తీసెత్తే నా బేరం ఏటవుద్ది? ఇప్పుడు పాటలన్నీ ఫోన్లోనే గదా." అతను అన్నదాంట్లో తప్పేమీ లేదు. గిటార్ ముచ్చట కోసం సీజన్ పోగొట్టుకోమని ఎవరు చెప్తారు? డీజే బాక్సులొచ్చాక అసలే బేరాలు తగ్గాయి.

దారి సెట్టు వెనకాలే దొరికింది. దుమ్ము తుడిస్తే ఒక కన్నం దగ్గర 'గ్రామ్' అని ఇంగ్లీషు అక్షరాలు బయటపడ్డాయి. గ్రామఫోను కలిపే చోటు. "అన్నా, విడిగా బ్లూటూత్ రిసీవర్ కొనుక్కుని దీనికి గుచ్చు. నీ పాటలు నీకు, హమ్మింగ్ ఉండదు," అన్నాడు మెకానిక్. చిన్నాన్న రెండుసార్లు అడిగి కన్ఫర్మ్ చేసుకుని సరే అన్నాడు.

కరెంటు ఇచ్చే ముందు సిరీస్‌లో ఫిలమెంట్ బల్బు పెట్టాలి. లోపల షార్ట్ ఉంటే బల్బు భగ్గున వెలిగి సెట్టుని కాపాడుతుంది. ఈ ఎల్ఈడీల కాలంలో ఆ బల్బు ఎక్కడ దొరుకుతుంది? పక్కింట్లో కోడిపిల్లలకి వెచ్చదనం కోసం పెట్టిన బల్బు అప్పు తెచ్చారు. అది ఒక్కసారి మెరిసి మసకబారింది. అంటే అంతా బాగున్నట్టే.

వాల్వులు మెల్లగా నారింజ రంగుకొచ్చాయి. కుర్రాడు గిటార్ గుచ్చాడు. గోల లేదు, గుండ్రంగా, శుభ్రంగా వచ్చింది. వాడి మొహంలో మాత్రం చిన్న నిరాశ. వాడికి కావాల్సింది రాక్ పాటల్లోని ఆ గరగర. ఇది మాట స్పష్టంగా వినబడాలని చేసిన పెట్టె, తక్కువ సౌండులో గరగరలాడదు. ముప్పావు వంతు తిప్పాక అప్పుడు గురగురమంది, ట్రాన్సిస్టర్‌లా కోసినట్టు కాకుండా అంచులు అరిగినట్టు. ఆ సౌండుకి వీధంతా వచ్చి గుమ్మం ముందు నిలబడింది.

తాతకి ఇదేదీ అసలు గొంతులా అనిపించలేదు. ఆయన లోపలికెళ్లి అల్యూమినియం హారన్ తీసుకొచ్చాడు. చిన్నాన్న వైరు కలిపి దాన్ని గుంజకి కట్టాడు. ఈసారి అది 100 వోల్టుల లైనుకే, దాని చోటు అదే. తాత మైకు మీద వేలితో తట్టి, "అలో... అలో... మైక్ టెస్టింగ్" అన్నాడు. ఎదురు కొండ ఒక క్షణం ఆగి అదే మాట తిరిగి అంది. ఆయన ఇంకోసారి అన్నాడు. ఆ తర్వాత మైకు ఎవరికీ ఇవ్వలేదు.

గంట ఆగి మెకానిక్ ట్రాన్స్‌ఫార్మర్ మీద అరచెయ్యి పెట్టి చూశాడు. వెచ్చగా ఉంది, కాలట్లేదు. బల్బు తిరిగి కోడిపిల్లల దగ్గరికి వెళ్లింది. పాడేరు ఆఖరి బస్సు అప్పటికే వెళ్లిపోయింది. ఆ రాత్రి వాళ్లింట్లోనే రాజ్మా కూరతో అన్నం తిని, రెండేసి దుప్పట్లు కప్పుకుని పడుకున్నాం.