పన్ను పీకేముందు దవడ సంగతి చెప్పండి, వదినగారూ

వదినగారూ, ఆ బట్టలు ఆరేయడం తర్వాత చూసుకుందురుగానీ, ఒక్కసారి గోడ దగ్గరికి రండి. అమ్మాయికి శుక్రవారం జ్ఞానదంతం పీకిస్తున్నారటగా? పనమ్మాయి చెప్పింది లెండి. పీకించండి, కాదనను. కానీ దానికి ఆవులిస్తే చెవి పక్కన టక్కుమంటుంది కదా, మొన్న సంక్రాంతికి చెరుకు నములుతూ దవడ పట్టేసి ఏడ్చింది కదా, ఆ సంగతి డాక్టరుకి చెప్పారా?

చెప్పలేదూ! పన్ను ఎక్కడ, చెవి ఎక్కడ అంటారు. పళ్ళాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైనదాన్ని, ఈ మాట వినీ వినీ నా చెవులే నొప్పి పుట్టాయి.

చెవికి సరిగ్గా ముందు వేలు ఆనించి నోరు తెరిచి మూయండి. అక్కడ కదిలేదే దవడ కీలు. తలుపు బందులా ఒక్కచోట తిరిగి ఊరుకోదు, తిరుగుతూ ముందుకి జారుతుంది కూడా. లోపల రెండెముకల మధ్య మెత్తగా చిన్న బిళ్ళ ఉంటుంది. అది చోటు తప్పి, నోరు తెరిచినప్పుడు మళ్ళీ సర్దుకుంటే ఆ టక్కు వినిపిస్తుంది. ఉత్త చప్పుడే ఉండి నొప్పి లేకపోతే చాలామందికి వైద్యమే అక్కర్లేదు. మీ అమ్మాయికి నొప్పీ ఉంది, పట్టేయడమూ ఉంది. అందుకే పిలిచాను.

పైపన్నయితే తరచు తొందరగా వచ్చేస్తుంది. కింది పన్ను ఎముకలో అడ్డంగా పడుకుని ఉందంటే మాత్రం కుర్చీలో చాలాసేపు నోరు బార్లా తెరిచి కూర్చోవాలి. పైగా డాక్టరు పన్నుని కదిలించేటప్పుడు దవడని కిందికి నొక్కుతారు. ఆ బలమంతా కీలు మీద పడుతుంది. మామూలు దవడ అయితే నాలుగు రోజులు మూలిగి ఊరుకుంటుంది. ఇదివరకే అలిగి కూర్చున్న కీలయితే సాధించి చంపుతుంది.

అసలు నొప్పి ఆ పన్నుదేనా అన్నది ముందు తేల్చుకోండి. సగం బయటికొచ్చిన పన్ను మీద చిగురు కప్పుకుని, దాని కింద మెతుకులు ఇరుక్కుని వాస్తే నోరు తెరుచుకోదు. నిద్రలో పళ్ళు కొరికేవాళ్ళకీ పొద్దున్నే దవడ బిగుసుకుని నోరు తెరుచుకోదు. రెండూ పైకి ఒకేలా ఉంటాయి. మా దగ్గరికొక కోడలుపిల్ల వచ్చేది. ఇంకెక్కడో పన్ను పీకించుకుంది, డబ్బులూ అయ్యాయి, నొప్పి మాత్రం ఎక్కడిదక్కడే. అది కీలు నొప్పి మరి, పన్ను తీస్తే ఎలా పోతుంది? ఇంగ్లండులో ‘నైస్’ అనే ఆరోగ్య సలహా సంస్థ, జబ్బులేని జ్ఞానదంతాన్ని ముందుజాగ్రత్త కోసమని పీకొద్దని 2000లోనే చెప్పేసింది. మీ అమ్మాయిది పుచ్చిపోయిందో, మాటిమాటికీ వాస్తోందో అయితే తీయాల్సిందే, అందులో మొహమాటం లేదు.

ఇవాళే ఒక పని చేయించండి. తన చేతి మూడు వేళ్ళు నిలువుగా పళ్ళ మధ్య పడుతున్నాయేమో చూడమనండి. మామూలుగా పెద్దవాళ్ళ నోరు 40 మిల్లీమీటర్లకి కాస్త అటూఇటూగానైనా తెరుచుకుంటుంది. ముందే కొలిచి కేస్‌షీట్‌లో రాయమని డాక్టరుని అడగండి. తర్వాత ఎంత తగ్గిందో, ఎంత తిరిగొచ్చిందో అప్పుడే తెలుస్తుంది.

అడగడానికి సిగ్గెందుకు వదినగారూ? రెండోవైపు పళ్ళ మధ్య రబ్బరు దిమ్మ పెట్టమనండి, దాన్ని కరుచుకుంటే దవడకి ఆసరా. మధ్యమధ్య నోరు మూసుకోనివ్వమనండి. వీలైతే పన్నుని ముక్కలు చేసి తీయమనండి, మొరటు బలం తగ్గుతుంది. కింద నుంచి గడ్డాన్ని ఎవరో ఒకరు పట్టుకోవాలి, మా రోజుల్లో ఆ చెయ్యి నాదే. ఇక పూర్తిగా మత్తిచ్చి చేస్తామంటే మత్తు డాక్టరుకి మరీ గట్టిగా చెప్పాలి. మత్తులో కండరాలు వదులైపోతాయి, నోరు ఎంత సాగదీసినా పిల్ల ‘అబ్బా’ అనలేదు.

తర్వాత రెండుమూడు రోజులు వాపు పెరుగుతుంది, కంగారుపడకండి. మొదటిరోజు బయట నుంచి గుడ్డలో చుట్టిన ఐసు, ఆ తర్వాత గోరువెచ్చటి కాపడం. చల్లార్చిన రాగిజావ, మెత్తగా పిసికిన పెరుగన్నం పెట్టండి. జావని స్ట్రాతో పీల్చనివ్వకండి, గుంటలో గడ్డకట్టిన రక్తం ఊడొస్తే ఆ నొప్పి పగవాళ్ళకి కూడా వద్దు. ఆవకాయ ముక్క కోసం ఏడుస్తుంది, ఇవ్వకండి. ఆవులింత వస్తే గడ్డం కింద చెయ్యి ఆనించుకోవాలి. నోటి వ్యాయామం డాక్టరు మొదలుపెట్టమన్నాకే. నాకు తెలుసు, మీ అత్తగారు మొదటిరోజే ‘నోరు పెద్దగా తెరువు, అలవాటవుతుంది’ అంటారు, ఆవిడకి కాస్త అడ్డుపడండి.

జ్వరమొచ్చినా, మింగడం కష్టమైనా ఆరోజే తీసుకెళ్ళాలి. రెండువారాలైనా నోరు తెరుచుకోకపోతే దాన్నీ వదిలేయొద్దు.

సరే, పొయ్యి మీద పప్పు ఉంది, వెళ్తా. మీరు మాత్రం శుక్రవారం దాకా ఆగకుండా ఇవాళే ఆసుపత్రికి ఫోను చేసి ఆ టక్కు సంగతి చెప్పేయండి. వెళ్ళేటప్పుడు ఎక్స్‌రేతో పాటు, రాత్రిళ్ళు పళ్ళకి తొడుక్కునే గార్డు ఉంటే అదీ పట్టుకెళ్ళండి.