మంచు దేశపు ముద్దపువ్వు

మల్లెకు ఎండ ముదరాలి. చామంతికి చలిగాలి తగలాలి. ఇది మనకందరికీ తెలిసిన సంగతే. కాని నేల గడ్డకట్టి, పార దిగనంతగా బిగుసుకుపోతే తప్ప పూయనని భీష్మించే పువ్వు ఒకటుందంటే మనవైపు వాళ్ళు ఓ పట్టాన నమ్మరు. మన చలి దాని లెక్కలో చలే కాదు. ఫారన్‌హీట్ కొలతలో 40 డిగ్రీలకు దిగువన కొన్ని వందల గంటలు గడిస్తేగాని మన్నులో పడుకున్న దాని మొగ్గకు మెలకువ రాదు. ఆ పువ్వు పేరు పియొనీ.

చూడ్డానికి ఎలా ఉంటుందని అడుగుతారు కాబోలు. ముద్దమందారాన్ని రెండింతలు చేసి, దానికి గులాబీ రేకుల నునుపూ, గులాబీకి దగ్గరగా వచ్చే వాసనా చేర్చినట్టు ఊహించుకోండి. బాగా విచ్చిన పువ్వు అరచేతిని మించి ఉంటుంది. తెలుపు, లేతగులాబి, ముదురెరుపు రంగులు. ఒంటిరేకవీ ఉన్నాయి, ముద్దవీ ఉన్నాయి. జడలో తురుముకుందామంటే జడే ఒరిగిపోతుంది. దేవుడి పటానికి ఒక్కటి పెడితే దేవుడు కనిపించడు!

నేను ఈ పువ్వును చూసింది అమెరికాలో, మిచిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్ అనే ఊళ్ళో. డెట్రాయిట్ నగరానికి పడమరగా నలభై మైళ్ళ పైచిలుకు ఉంటుంది. మా అమ్మాయి కాపురం అక్కడే. హ్యూరన్ అనే నది ఊరిని ఒరుసుకుంటూ పోతుంది. 1837లో విశ్వవిద్యాలయం డెట్రాయిట్ నుంచి ఇక్కడికి తరలివచ్చింది. అప్పటినుంచీ ఇది చదువుల ఊరు. ఆ విశ్వవిద్యాలయం వాళ్ళకు నికల్స్ ఆర్బొరీటం అని 123 ఎకరాల వృక్షవనం ఉంది. ఎత్తుపల్లాల నేల, పెద్ద పెద్ద చెట్లు, దిగువన నది. ఆ వనం ముంగిట్లోనే ఉంది పియొనీల తోట.

వైద్యుడు పెట్టిన తోట

ఈ తోటకు మొక్కలిచ్చినాయన పేరు విలియం అప్‌జాన్. 1875లో ఇదే విశ్వవిద్యాలయంలో వైద్యం చదివి బయటికి వచ్చాడు. ఆ రోజుల్లో మాత్రలు రాళ్ళలా ఉండి, కడుపులో కరగకుండానే వెళ్ళిపోయేవిట. వేలితో నొక్కితే పొడి అయ్యే మాత్ర చెయ్యడం ఈయన కనిపెట్టి, 1886లో కలమజూ అనే ఊళ్ళో మందుల కంపెనీ పెట్టి బాగా సంపాదించాడు. మందుల తర్వాత ఆయనకు ప్రాణం పియొనీలే. 1922లో తన మొక్కల్ని చదువుకున్న చోటికి కానుకగా ఇచ్చాడు. 1927లో తోట జనానికి తెరిచారు. పియొనీకి ఆ పేరు గ్రీకుల పురాణాల్లోని పియాన్ వల్ల వచ్చిందంటారు. ఆయన దేవతలకు వైద్యుడు. వైద్యుడి పేరుగల పువ్వును ఒక వైద్యుడు పెంచడం, ఆ తోట పక్కనే విశ్వవిద్యాలయం వారి పెద్ద ఆస్పత్రి ఉండడం చిత్రంగా తోచింది నాకు. నేను వెళ్ళిన పూట చేతికి పట్టీతో ఉన్న ఒక పెద్దాయనను చక్రాల కుర్చీలో తెచ్చారు. ఆయన ఒక పువ్వు ముందు ఆగి, ముక్కు దానిలో దూర్చి, చాలాసేపటి వరకు తల ఎత్తలేదు.

తోటలో 27 మళ్ళున్నాయి. మే నెలాఖరు నుంచి జూన్ నడిమి వరకు పూలకాలం. నిండుగా పూసిన రోజుల్లో పదివేల పూలదాకా ఉంటాయని చెబుతారు. చంటిపిల్లల తల్లులు, ముసలి దంపతులు, బొమ్మలు గీసేవాళ్ళు అందరూ మళ్ళ మధ్య పచ్చికలో మెల్లిగా నడుస్తూంటారు. పువ్వు తెంపిన చెయ్యి ఒక్కటీ నాకు కనిపించలేదు.

అక్కడ పెంచేవి చాలావరకు పాతకాలపు రకాలే. పియొనీల్లో పాత రకానికి ఉన్న గౌరవం మనవైపు పాత మామిడి రకాలకున్నట్టిది. తెల్లని రేకుల నడుమ నెత్తుటి చుక్కలు చిలికినట్టుండే ఫెస్టీవా మాక్సిమా 1851 నాటిది. మన దేశంలో మొదటి ప్రయాణికుల రైలు 1853లో నడిచింది. అంటే రైలుబండి కంటే ఈ పువ్వు రెండేళ్ళు పెద్దది. ఫ్రెంచి నటీమణి పేరు పెట్టుకున్న గులాబిరంగు సారా బెర్నార్ 1906 నాటిది. వీటిని ఇప్పటికీ దుకాణాల్లో అమ్ముతున్నారు, జనం ఇప్పటికీ నాటుకుంటున్నారు.

పెరట్లో పంచాయితీ

తోట సంగతి అలా ఉండగా, మా అమ్మాయి పెరట్లో కూడా ఒక పియొనీ ఉంది. ఇల్లు అమ్మిన వాళ్ళు వదిలి వెళ్ళినది. నేను మొదటిసారి వెళ్ళింది ఏప్రిల్‌లో. ఇంకా చలి పోలేదు. ఒకనాటి ఉదయం నేల చీల్చుకుని గోంగూర కాడల్లాంటి ఎర్రటి మొలకలు పైకి వచ్చాయి. రోజుకు రోజు పెరిగి, మే నెలకు రెండున్నర అడుగుల పొద అయింది. ఆకులు నిగనిగలాడుతున్నాయి. మొగ్గ మాత్రం ఒక్కటీ లేదు. వాళ్ళు ఇల్లు కొన్న నాలుగేళ్ళలోనూ అది పూసిన పాపాన పోలేదట.

పెరట్లో రోజంతా ఎండ పడే చోటు అదొక్కటే. మా అల్లుడికి గోంగూర, బెండ, చిక్కుడు వేసుకోవాలని కోరిక.

"పూసినా ఏడాదికి పదిరోజులు పూసే మొక్క. ఇదేమో అదీ పూయదు. దీనికి ఇంత ఎండ దండగ కాదూ, అత్తయ్యగారూ?" అన్నాడు.

కాదనడానికి నాకు మాత్రం ఏం తోస్తుంది? గోంగూర మాట ఎత్తాక!

ఆ మాట కంచె దాటి పక్కింటావిడ చెవిన పడింది. ఆవిడకు ఎనభై దాటాయి. మర్నాడు పొద్దున్నే చిన్న తవ్వుకోల పట్టుకుని వచ్చేసింది. మోకాళ్ళమీద కూచుని మొక్క మొదట్లో చేత్తో తవ్వడం మొదలుపెట్టింది. ఏటా పచ్చిక కోసే పనివాళ్ళు కలుపు రాకుండా చెక్కపేళ్ళు తెచ్చి చల్లి పోతారు. ఏటేటా వేసినవన్నీ మొక్క మొదట్లో పేరుకుని జానెడు మందం అయ్యాయి. ఆవిడ వాటిని రెండు చేతులతో తోడి అవతల పోసి, ఎర్రటి మొలకల అడుగు చూపించింది.

"మొక్కకేం జబ్బు లేదు. గొంతుదాకా కప్పెట్టారు, అంతే. ఒక్క ఏడాది ఆగండి. ఇది మా అమ్మ ఇచ్చిన మొక్కకు చెల్లెలు. మీకంటే ముందు ఈ ఇంట్లో ఉన్నామెకు ముక్క కోసి ఇచ్చింది నేనే" అంది.

ఎనభై ఏళ్ళావిడ మోకాళ్ళమీద కూచుని అడిగాక కాదనేదెవరు? గోంగూర ఆ యేటికి కుండీల్లోకి వెళ్ళింది. మరుసటేడు నాలుగు పూలు పూసినట్టు అమ్మాయి ఫోనులో బొమ్మ పంపింది. ఆ పై ఏడు నేను మళ్ళీ వెళ్ళేసరికి పదకొండు పూశాయి. కుర్చీ తెచ్చుకుని వాటి ముందు కూచునేవాడు ఎవరనుకున్నారు? మా అల్లుడే.

నాటే విద్య

ఆవిడ దగ్గర నేర్చుకున్నదీ, తోటలో తెలుసుకున్నదీ కలిపి చెబుతాను. చలిదేశాల్లో పిల్లలున్న తల్లిదండ్రులకు పనికి రావచ్చు.

పియొనీని నాటే కాలం సెప్టెంబరు, అక్టోబరు. దుంపకు చెరకు గడకున్నట్టే కన్నులుంటాయి. మూడు నుంచి అయిదు కన్నులున్న ముక్కను ఎంచుకోవాలి. నీళ్ళు నిలవని నేల, రోజుకు ఆరు గంటలకు తక్కువ కాని ఎండ ఉండాలి. అడుగున్నర గొయ్యి తీసి, మన్ను గుల్లచేసి, బాగా మాగిన ఎరువు కలిపి నాటాలి. అసలు కిటుకంతా లోతులో ఉంది. కన్ను నేల మట్టానికి రెండంగుళాలు మించి లోపలికి పోకూడదు. పోతే ఆకులు తప్ప పూలు రావు. మొక్కకు మొక్కకు మూడు నాలుగడుగులు ఎడం ఉండాలి.

మొదటి ఏడు పువ్వు ఆశించకూడదు. రెండో ఏడు ఒకటో రెండో రావచ్చు. మూడో ఏటికి గాని తన అసలు రూపు చూపించదు. ఒకసారి కుదురుకుందా, ఇక తరాలకు తరాలు ఉంటుంది. యాభై ఏళ్ళుగా ఒకేచోట పూస్తున్న మొక్కలు అక్కడ అరుదేమీ కాదు. మాటిమాటికీ చోటు మార్చడం మాత్రం దానికి గిట్టదు.

మొగ్గలనిండా చీమలు పాకుతాయి. మా అమ్మాయి మందు కొట్టబోతే ఆవిడ వారించింది. మొగ్గమీద తియ్యని రసం ఊరుతుంది, దానికోసం వస్తాయి అవి. వాటివల్ల నష్టమూ లేదు, అవి లేకపోతే పువ్వు విచ్చదన్నదీ వట్టి మాటే. ముద్దపూల రకాలు వాన పడితే నీళ్ళు తాగి నేలకు వాలిపోతాయి. అందుకని మొక్క చిన్నగా ఉన్నప్పుడే చుట్టూ తీగె కంచె కడతారు. చలికాలం రాగానే కాడల్ని నేలకు సమంగా కోసి, దూరంగా పారేయాలి. బూజు తెగులు ఆ ఎండు కాడల్లోనే దాక్కుంటుంది. వాటిని ఎరువు గుంటలో వెయ్యకూడదు.

ఇల్లాళ్ళకు నచ్చే సంగతి ఇంకొకటి. రంగు తేలిన మొగ్గను వేళ్ళతో నొక్కితే దూదిలా మెత్తగా తగలాలి. ఆ అదనులో కోసి, కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో పడుకోబెడితే రెండు మూడు వారాలు నిద్రపోతుంది. తీసి నీళ్ళలో పెట్టగానే విచ్చుకుంటుంది. జూన్ మొదట్లో కోసిన మొగ్గలు నెలాఖరున మా అమ్మాయి పెళ్ళిరోజుకు బల్లమీద విచ్చాయి. ఒకే మొక్కనుంచి మరీ ఎక్కువ కాడలు కోస్తే మరుసటేడు నీరసిస్తుంది సుమండీ.

పూలు చూస్తూంటే ఈ దుంప ఒకటి తెచ్చి మన పెరట్లో వేస్తే, అని నాకూ ఆశ పుట్టకపోలేదు. అనుమతి పత్రం లేనిదే దుంపలూ మొక్కలూ మన దేశంలోకి తీసుకురాకూడదు. తెచ్చినా ప్రయోజనం లేదు. లంబసింగి చలి మనకు గొప్పేగాని, అది కొద్ది రాత్రుల ముచ్చట. మనదేశంలో లేకపోలేదు ఈ జాతి. కాశ్మీరంలోనూ కుమావూఁ కొండల్లోనూ తెల్లని పియొనీ అడవిమొక్కగా పూస్తుంది. అది ఆ కొండల సొత్తు, మన గోదావరి గట్టుది కాదు.

ఎవరు నాటారు, ఎవరు చూశారు

మే నెల చివరి సోమవారం అమెరికాలో యుద్ధాల్లో పోయినవాళ్ళను తలుచుకునే దినం. పియొనీలు సరిగ్గా ఆ రోజులకే వస్తాయి. తాతముత్తాతల సమాధులమీద పెరటి పియొనీలు పెట్టడం చాలా కుటుంబాల్లో పాత ఆనవాయితీ. పక్కింటావిడ కూడా ఏటా ఒక బకెట్టునిండా కోసి తీసుకువెడుతుంది. మొక్క ఇచ్చిన తల్లికి ఆ మొక్క పూలే!

జపానులో తోయిచి ఇతో అని ఒకాయన ఉండేవాడు. పియొనీల్లో ఏటేటా నేలకు అణిగి లేచే జాతి ఒకటి, కొమ్మలు నిలిచే చెట్టు జాతి ఒకటి ఉన్నాయి. ఈ రెంటినీ కలిపి పసుపుపచ్చని పూలు పూయించాలని ఆయన పట్టుదల. ఎన్నోసార్లు విఫలమై, 1948లో విత్తనం పట్టించాడు. మొలకలు వచ్చాయి. అవి పూయకముందే 1956లో ఆయన పోయాడు. పూలు తర్వాత వాళ్ళు చూశారు. ఇవాళ ఆ జాతిని ఆయన పేరుతోనే పిలుస్తారు.

డెట్రాయిట్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. పెరట్లో కూరపాదులు అందరూ వేస్తారు, పియొనీ మాత్రం నాకు తెలిసిన ఇళ్ళలో తక్కువ. ఎందుకని అడిగితే ఒకమ్మాయి, "ఇక్కడ మూడేళ్ళు ఉంటామో లేదో ఎవరికి తెలుసు, పిన్నిగారూ? ఉద్యోగం ఎటు తిప్పితే అటు పోవాలి" అంది. ఆ పిల్ల మాటలో నిజముంది. గోంగూర నలభై రోజులకు చేతికొస్తుంది. మూడేళ్ళకు పూసేదాన్ని నాటాలంటే మూడేళ్ళు ఉంటామన్న ధీమా కావాలి, లేదా మన తర్వాత వచ్చేవాళ్ళు చూస్తారులే అన్న మనసైనా ఉండాలి. మనవైపు తాత కొబ్బరిమొక్క పాతేటప్పుడు కాయలు తనకేనని పాతుతాడా?

నా రెండో ప్రయాణం చివర సెప్టెంబరులో పక్కింటావిడ ఇల్లు అమ్మేసింది. ఒంటరిగా ఉండలేక కొడుకు ఉన్న ఊరికి వెళ్ళిపోతోంది. సామాను కట్టడానికి మనుషులను పెట్టింది గాని, పియొనీ పొదను మాత్రం మా అల్లుడి చేతనే తవ్వించింది. దుంపను కడిగి, పెద్ద చాకుతో మూడు ముక్కలు చేసింది. ఒకటి కొడుకు ఇంటికి. ఒకటి ఇల్లు కొన్నవాళ్ళకు, ఉన్న చోటనే. మూడోది తడికాగితంలో చుట్టి నా చేతికిచ్చి, "మీ వాళ్ళలో ఎవరైనా నాటుతారేమో చూడండి" అంది.

ఆ సాయంత్రమే "మూడేళ్ళు ఉంటామో లేదో" అన్న అమ్మాయి ఇంటికి వెళ్ళాం. ఆ పిల్ల కాగితం విప్పి చాలాసేపు చూసింది. తర్వాత లోపలికి వెళ్ళి పార తెచ్చింది. గొయ్యి తీశాక, "లోతు ఎంతుండాలి, పిన్నిగారూ?" అని అడిగింది. కొలబద్ద కనిపించలేదు. చూపుడువేలు కన్ను పక్కన నిలబెట్టి రెండు కణుపులు చూపించాను. అంతమేరకే మన్ను కప్పి, చెంబుతో నీళ్ళు పోసింది.