మొగుడే నడిచొచ్చే జాతర

"ఇల్లరికం పోతవారా?" జనగామలో మా మేనత్త ఇలా అడిగిన తీరు వింటే నేను జైలుకి పోతున్నానేమో అనుకుంటారు. నాకు కుదిరిన సంబంధం భూపాలపల్లిది. అమ్మాయి ఒక్కతే కూతురు, వాళ్ల నాన్న ఆరోగ్యం బాగాలేదు. మా ఇద్దరివీ ల్యాప్‌టాప్ ఉద్యోగాలే కదా, పెళ్లయ్యాక ఇక్కడే ఉంటారా అని అడిగారు. సరే అన్నాను. అంతే, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో యుద్ధం! ఫాంటసీ సిరీసుల్లో తల్లి పేరు మీద వంశం నడిచే జాతుల్ని చూసి 'భలే ఉందే' అనే మా తమ్ముళ్లు కూడా అత్త పార్టీయే.

మొన్న శనివారం బైకు మీద భూపాలపల్లి బయల్దేరాను. వరంగల్ మీదుగా అయితే దగ్గర. కానీ మహబూబాబాద్ వైపు తిప్పాను, గంగారం మండలంలోని పూనుగొండ్ల చూద్దామని. సమ్మక్క భర్త పగిడిద్దరాజు ఊరది.

మేడారం జాతర రీల్స్ అందరం చూశాం. బెల్లం, జనం, కోళ్లు. మనం పట్టించుకోనిది ఒకటుంది. సమ్మక్క పూనుగొండ్లకు రాదు, పగిడిద్దరాజే ఆమె దగ్గరికి పోతాడు. రెండేళ్లకోసారి పెనక వంశం పూజారులు పడగె పట్టుకుని అడవిదారిలో కాలినడకన తీసుకెళ్తారు. కన్నెపల్లి నుంచి కూతురు సారలమ్మ, కొండాయి నుంచి అల్లుడు గోవిందరాజు వస్తారు. బుధవారానికి ఈ ముగ్గురూ గద్దెల మీద ఉంటారు. సమ్మక్క చిలకలగుట్ట దిగేది గురువారం. మొగుడైనా అల్లుడైనా ముందొచ్చి ఎదురుచూడాల్సిందే! (మేడారం ఇప్పుడు ములుగు జిల్లా, 2019 దాకా భూపాలపల్లి జిల్లానే.)

అలాగని కోయలది తల్లి వంశం కాదు. గట్టు, గోత్రం తండ్రి నుంచే వస్తాయి. మేఘాలయ ఖాసీల్లా చిన్న కూతురికి ఇల్లు దక్కే పద్ధతి లేదు. కానీ పాత ఆచారంలో ఓలి ఇచ్చేది మగపెళ్లివారు. కట్నం లెక్కలేసే మా గ్రూప్‌లో ఈ ముక్క పెడితే ఒక్కరూ రిప్లై ఇవ్వలేదు.

అక్కడి నుంచి ములుగు వైపు వచ్చి గణపురం కోటగుళ్ల దగ్గర ఆగాను. గణపతిదేవుడి కాలం నాటివంటారు. ఆయన తర్వాత గద్దె కూతురు రుద్రమది. 1289లో ఆమె పోయాక రాజైన ప్రతాపరుద్రుడు ఆమె కూతురు ముమ్మడమ్మ కొడుకు. అంటే రాజ్యం రెండుసార్లు ఆడపిల్లల వైపు నుంచే దాటింది. కాకపోతే రుద్రమ శాసనాల్లో రుద్రదేవ మహారాజు అనే మగపేరు పెట్టుకోవాల్సొచ్చింది. మా మేనత్తలు అప్పుడూ ఉన్నారన్నమాట.

చీకటిపడ్డాక భూపాలపల్లి చేరాను. మామయ్య ముందుగదిలో నాకోసం టేబుల్ వేయించి, పక్కనే రౌటర్ పెట్టించారు. కొత్త స్విచ్‌బోర్డు కూడా. ఆయనకి ఎక్కువసేపు నిలబడే ఓపిక లేదు, అయినా వచ్చి స్విచ్‌లన్నీ వేసి చూపించారు.

రాత్రి అమ్మకి ఫోన్ చేశాను. మరి నిన్నెవరు చూస్తారని అత్త అంటోందమ్మా అన్నాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు.

"నేను పెండ్లయి ఇక్కడికొచ్చినప్పుడు మా అమ్మను ఎవలు చూస్తరని ఎవ్వలూ అడగలే బిడ్డా" అంది.

తర్వాత, అక్కడ నీళ్లు ఎట్లున్నయని అడిగింది.