పెళ్లి క్యాసెట్ కంప్యూటర్‌లోకి ఎక్కించేముందు



అటక మీదో, బీరువా అడుగునో పాత పెళ్లి క్యాసెట్లు దాచుకున్నవాళ్ల కోసం ఈసారి ఉత్తరం. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించడం మీరే నేర్చుకోవచ్చు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు సాఫ్ట్‌వేర్ ఏది వాడాలని అడుగుతారు. నేను మాత్రం క్యాసెట్ ఆడించే వీసీఆర్ దగ్గర మొదలుపెట్టమంటాను. టేపును అది ఎంత బాగా చదివితే మనకు అంతే దక్కుతుంది. అక్కడ పోయిన బొమ్మ తర్వాత ఎన్ని తంటాలు పడ్డా రాదు.

ఈ క్యాసెట్ల పద్ధతి అయిన వీహెచ్ఎస్‌ను జేవీసీ 1976లో జపాన్‌లో తెచ్చింది. చివరిదాకా వీసీఆర్లు తయారుచేస్తూ వచ్చిన ఫునాయ్ కంపెనీ 2016 జులైలో ఆపేసింది. కాబట్టి ఇక పాతవే వెతుక్కోవాలి. దొరికినదాంట్లో ముందు, పోయినా బాధలేని సినిమా క్యాసెట్ ఒకటి వేసి చూడండి. టేపు నలగకుండా, బొమ్మ ఊగకుండా ఆడితేనే ఇంటి క్యాసెట్ పెట్టండి. పెట్టేముందు క్యాసెట్ కిటికీలోంచి టేపు చుట్టను వెలుగులో పరీక్షగా చూడాలి. తెల్లటి మచ్చలుంటే బూజు. తేమ ఉన్నచోట దాచిన క్యాసెట్లకు ఇది మామూలే. అలాంటిది వేస్తే బూజు వీసీఆర్ హెడ్‌కు అంటుకుని తర్వాతి క్యాసెట్లకూ పాకుతుంది. దాన్ని విడిగా ఉంచి, శుభ్రం చేయడం తెలిసినవాళ్లకు ఇవ్వండి.

ఇక నన్ను బాగా బాధపెట్టే విషయం. 2000 తర్వాత చాలా ఇళ్లల్లో పెళ్లి క్యాసెట్‌ను సీడీ చేయించి, క్యాసెట్‌ను పారేశారు. అప్పుడు ఏం పోయిందో చెబుతాను. మన దేశంలో వాడిన పాల్ టీవీ పద్ధతిలో తెర మీద కనబడే గీతలు 576. సెకనుకు 25 ఫ్రేములు. ఒక్కో ఫ్రేములో రెండు ఫీల్డులు, సరి గీతలది ఒకటి, బేసి గీతలది ఒకటి. ఈ రెండూ ఒకే క్షణానివి కావు, కెమెరా వాటిని ఒకదాని తర్వాత ఒకటి పట్టింది. అంటే కదలిక సెకనుకు 50 సార్లు నమోదైంది. తలంబ్రాల దగ్గర పోటీపడి కదిలే చేతులు సాఫీగా కనిపించేది అందుకే. అప్పుడు చేయించిన సీడీలో, అంటే వీసీడీలో, బొమ్మ 352×288 మాత్రమే. గీతలూ సగమే, కదలికా సగమే. కాబట్టి సీడీ ఉంది కదా అని క్యాసెట్‌ను వదులుకోకండి.

క్యాప్చర్ చేసేటప్పుడూ, అంటే కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడూ, ఇదే గుర్తుంచుకోండి. 720×576లో, ఫీల్డులు రెండూ ఉండేలా, ఇంటర్‌లేస్డ్‌గానే తీసుకోండి. వర్చువల్‌డబ్ సాఫ్ట్‌వేర్‌లో హఫ్‌వైయూవీ వంటి, నాణ్యత తగ్గించని లాస్‌లెస్ కోడెక్ పెడితే గంటకు పదుల జీబీల స్థలం పడుతుంది. పట్టనివ్వండి, అదే మీ అసలు ప్రతి. వీసీఆర్‌కు ఎస్-వీడియో ఉంటే పసుపు పిన్ను బదులు అదే వాడండి, రంగుల అంచులు శుభ్రంగా వస్తాయి. మాటకూ పెదవికీ పొంతన తప్పుతుంటే చాలాసార్లు కారణం టేపు సిగ్నల్ నిలకడగా లేక ఫ్రేములు జారిపోవడం. సిగ్నల్‌ను సరిచేసే టైమ్ బేస్ కరెక్టర్ ఉన్న వీసీఆర్ దొరికితే ఆ బాధ కొంత తగ్గవచ్చు.

బంధువులకు పంపే కాపీ వేరు. హ్యాండ్‌బ్రేక్ సాఫ్ట్‌వేర్‌లో, ఫీల్డులను పూర్తి ఫ్రేములుగా మార్చే డీఇంటర్‌లేస్‌కు ‘బాబ్’ ఎంచుకుంటే 50 కదలికలూ 50 ఫ్రేములవుతాయి. బొమ్మ ఆకారం 4:3గానే ఉంచండి. కొత్త టీవీ నిండాలని సాగదీస్తే పెళ్లికూతురి ముఖం వెడల్పవుతుంది. అమెరికా నుంచి బంధువులు పంపిన క్యాసెట్లు సాధారణంగా ఎన్‌టీఎస్‌సీ పద్ధతివి. వాటికి ఆ పద్ధతి ఆడే వీసీఆర్ కావాలి, క్యాప్చర్ సెట్టింగూ మార్చాలి.

ఎక్కించిన వారంలోనే అమ్మమ్మనో, పెదనాన్ననో పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. పందిట్లో ఎవరెవరున్నారో అడిగి, ఏ నిమిషంలో కనిపిస్తారో రాసి, ఆ కాగితాన్నీ ఫైలుతోపాటే దాచండి. ఫైలు రెండు వేర్వేరు డిస్కుల్లో, వీలైతే రెండు ఇళ్లల్లో ఉండాలి.

మీ దగ్గర ఏ రకం క్యాసెట్లున్నాయో రాయండి. అరచేతిలో పట్టే వీడియో-8 క్యాసెట్లకు వీహెచ్ఎస్ వీసీఆర్ పనికిరాదు, ఆ రకం కెమెరాయో ప్లేయరో కావాలి. వచ్చే ఉత్తరంలో వాటి సంగతి రాస్తాను.

ఇట్లు,
మీ మిత్రుడు