దీనికింకా ఏమేం కొనాలి?

గరాజ్‌లో కారు పట్టడం లేదని మా ఆవిడ సణగడం మానేసి చాలా కాలమైంది. ఇప్పుడు ఆవిడది ఒకటే ప్రశ్న: "దీనికింకా ఏమేం కొనాలి?"

చెక్కపని సరదా ఉన్నవాళ్లకి ఈ ప్రశ్న ఎక్కడ తగులుతుందో తెలుసు. టేబుల్ రంపం కొంటే దానికి మంచి బ్లేడు కావాలి, పొట్టు పీల్చే యంత్రం కావాలి. రెండు పలకలు అతకాలంటే జిగురొక్కటే చాలదు, బిగించడానికి క్లాంపులు కావాలి. అవి ఎన్నున్నా ఇంకో రెండు తక్కువే పడతాయి. ఇక బ్యాటరీల సంగతి. ఫాదర్స్ డేకి డ్రిల్లూ రెండు బ్యాటరీలూ కలిపి చవగ్గా ఇస్తారు. నన్నడిగితే అక్కడ అమ్ముడుపోయేది డ్రిల్లు కాదు, మనం. ఆ తర్వాత ఏది కొన్నా ఆ కంపెనీ రంగుదే కొనాలి. మిల్వాకీ, రియోబీ పనిముట్లు రెండూ హాంకాంగ్‌లోని టీటీఐ కంపెనీవే, అయినా ఒకదాని బ్యాటరీ రెండోదాంట్లో దూరదు. అమెరికాలో 20 వోల్టులని రాసి ఉన్న డివాల్ట్ బ్యాటరీ మీద యూరప్‌లో 18 అని ఉంటుంది. రెండింటి లోపలా వరసగా కలిపిన అవే లిథియం సెల్స్. నిండా చార్జి ఉన్నప్పటి లెక్క ఒకటి, పనిలో ఉన్నప్పటి లెక్క ఒకటి. మా ఆవిడ ఆడిటర్. ఇది విని, "అయితే రెండు ఖాతా పుస్తకాలన్నమాట" అంది.

మనమే చేసుకుంటే చవక అనే మాట నేను ఇంట్లో ఎత్తను. మా ఒహాయోలో హోమ్స్ కౌంటీ అమిష్ వాళ్ల దగ్గర నల్ల వాల్‌నట్, చెర్రీ చెక్క నాణ్యమైనది దొరుకుతుంది. బోర్డ్ ఫుట్ లెక్కన, అంటే అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం చొప్పున కొనాలి. భోజనాల బల్లకి సరిపడా వాల్‌నట్ కొనే డబ్బుతో ఐకియాలో బల్లా కుర్చీలూ వచ్చేస్తాయి. చిన్నప్పుడు మా ఇంటి అరుగు మీద కూర్చుని వడ్రంగి రంపం, బాడిస, ఉలి, చిత్రిక, బరమాతో తలుపులూ మంచాలూ చేసేసేవాడు. ఆయన సరంజామా అంతా ఒక్క సంచిలో పట్టేది. పనిముట్లు ఆయనకి కూలి తెచ్చేవి. నాకు జీతమే పనిముట్లు తెస్తోంది. కాబట్టి ఇది సరదా ఖర్చు. సరదా ఖర్చుల కిందే రాయాలి.

అసలు చిక్కు డబ్బు దగ్గర కాదు, బరువు దగ్గర. ఇంటి వాయిదా, పిల్లల చదువుకి 529 పొదుపు ఖాతా, వేసవిలో నలుగురికీ ఇండియా టికెట్లు, అక్కడ పెద్దవాళ్ల మందులు పోగా మిగిలిందాంట్లో రంపానికీ చోటు దొరికేది. కానీ మేమింకా గ్రీన్‌కార్డు వరసలో ఉన్నాం. హెచ్1బి మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే దేశంలో ఉండి దారి వెతుక్కోవడానికి గరిష్ఠంగా 60 రోజులు. 2017 నుంచి ఇదే నిబంధన. నా వీసాతో పాటే హెచ్4 మీద మా ఆవిడకి వచ్చిన పని అనుమతీ పోతుంది. అందుకే పోత ఇనుప బల్ల ఉన్న పెద్ద రంపం చూసి ఆవిడ, "అరవై రోజుల్లో దీన్ని ఎవరు కొంటారండీ?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. విమానంలో పెట్టెకి 23 కిలోలు. ఆ రంపం 200 కిలోల పైమాటే. ఓడలో పంపినా ఇక్కడి కరెంటుకి చేసిన మోటారు అక్కడి కరెంటుకి సరిపోదు.

దాంతో నా చూపు చేతి పనిముట్ల మీదికి మళ్లింది. పెద్దాయన ఎవరైనా పోతే ఇంట్లో సామానంతా అమ్మేసే ఎస్టేట్ సేళ్లు ఇక్కడ మామూలే. అలాంటి చోట పాత స్టాన్లీ ఐదో నంబరు చిత్రిక దొరికింది. వెనిగర్‌లో నానబెడితే తుప్పు పోయింది, సానపడితే చెక్క మీంచి పల్చటి పొరలు లేస్తున్నాయి. పెట్టెలోనూ పడుతుంది. ఏడాదికోసారి అవసరమయ్యే ప్లేనర్ లాంటివి ఇక అద్దెకో అరువుకో తేవడమే. కాలిఫోర్నియాలో బర్కిలీ గ్రంథాలయం 1979 నుంచీ పుస్తకాల్లాగే పనిముట్లూ అరువిస్తోంది. ఇప్పుడు ఇలాంటివి చాలా ఊళ్లలో ఉన్నాయి.

ఇంత లెక్క చూసే మా ఆవిడ ఒక్కచోట మాత్రం నాకంటే ఎక్కువ ఖర్చుకి సిద్ధపడింది. పెద్దది కుదరదు కాబట్టి చిన్న టేబుల్ రంపం ఒకటి కొనాలనుకుని 400 డాలర్ల లోపుది ఎంచి చూపించాను. ఆవిడ ధర చూడలేదు. "వేలు తగిలితే?" అంది. అమెరికాలో టేబుల్ రంపాల వల్ల ఏటా సుమారు 30 వేల మంది గాయాలకి వైద్యం చేయించుకోవాల్సి వస్తుందని వినియోగదారుల భద్రతా కమిషన్ అంచనా. స్టీవ్ గ్యాస్ అనే పేటెంట్ లాయరు దీనికి విరుగుడు కనిపెట్టాడు. ఆయన భౌతికశాస్త్రం కూడా చదివినవాడు. తిరిగే బ్లేడులో సన్నటి విద్యుత్ సంకేతం ఉంటుంది. చర్మం తగలగానే అది మారుతుంది, వెంటనే అల్యూమినియం దిమ్మ ఎగిరి బ్లేడుకి అడ్డం పడుతుంది. 5 మిల్లీసెకన్ల లోపు బ్లేడు ఆగిపోతుంది. ప్రదర్శనల్లో సాసేజ్ పెట్టి చూపిస్తారు, దాని మీద గీత పడుతుందంతే. ఆ రంపం పేరు సాస్టాప్. మామూలుదానికి రెండింతలకు పైగా ధర. ఒకసారి పని చేసిందంటే బ్లేడూ బ్రేకూ రెండూ పోతాయి, కొత్తవి వేసుకోవాలి. మా ఆవిడ ఇన్సూరెన్సు కాగితం తీసి, ఆసుపత్రి బిల్లులో మా వాటా ఎంత పడుతుందో చూసి, "ఇదే కొనండి" అంది. సాస్టాప్‌లోనే చిన్నది కొన్నాం. యూట్యూబ్‌లో పనిముట్ల సమీక్షలు బోలెడు చూశాను గానీ, కొనడానికి ఇంత గట్టి కారణం ఎక్కడా వినలేదు.

ఇంట్లో ఇప్పుడున్న పద్ధతి సులువైనది. నెలకి ఇద్దరికీ చెరో 100 డాలర్లు, దానికి లెక్క అడగకూడదు. మిగిలితే పై నెలకి చేరుతుంది. అది దాటితే "దీనికింకా ఏమేం కొనాలి?" అన్న ప్రశ్నకి జవాబు చెప్పాలి. ఇది నాకొక్కడికే కాదు. ఆవిడ ఒహాయో చలికాలంలో కరివేపాకు మొక్కని బతికించడానికి తెచ్చే దీపాలూ, గోంగూర మళ్లకి మట్టీ ఆ వందలోంచే. మళ్లకి దేవదారు చెక్క మాత్రం నా ఖాతాలో పడుతుంది. ఇందులో అన్యాయం ఉందని ఇప్పటికీ నా వాదన.

తెలిసినవాళ్లలో కొందరు పార్సిళ్లు ఆఫీసుకి తెప్పించుకుంటారు, ఇంట్లో సగం ధర చెబుతారు. నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ ఎస్టేట్ సేళ్లలో భర్త పనిముట్లని ఏదో ఒక ధరకి వదిలేస్తున్న ముసలావిడల్ని చూశాక నాకు నవ్వు రావడం లేదు. మా గరాజ్ బీరువా తలుపు లోపల ఒక కాగితం అంటించి ఉంటుంది. ఏది ఎంతకి కొన్నాం, అమ్మితే ఎంత రావచ్చు, అమ్మకం ప్రకటన ఎక్కడ పెట్టాలి అన్నీ అందులో ఉన్నాయి. మీ గరాజ్‌లోనూ ఇలాంటి కాగితం ఒకటి అంటించండి. ధరలు మాత్రం అసలువే రాయండి.