ప్రక్కగా పోయినవాడను

మన గ్రామములలో కల్లుపాక యెక్కడ నుండునో అందరికిని తెలియును. మందిరమునకు పోవు మనము ఆ దారి విడిచి వేరొక దారిని నడుతుము. అయితే కొంతకాలము క్రిందట నేను శంషాబాదు విమానాశ్రయములో వేరొక రీతి పాకను చూచితిని. దానికి తాటాకు కప్పు లేదు. అద్దపు అరలలో రంగురంగుల సీసాలు, ఎత్తయిన కుర్చీలు, మెత్తని వెలుగు నుండెను. దానిని కాక్‌టెయిల్ బారు అందురు. మద్యమును పండ్లరసములతోను మంచుముక్కలతోను కలిపి యిత్తురు. పోలీసు తనిఖీ ముగించుకొని విమానమునకు పోవు దారిలోనే అది యున్నది. తప్పించుకొని పోవుటకు వేరొక దారి లేదు.

కువైటులో నర్సుగా పనిచేయుచున్న నా కుమార్తెను చూచుటకు నేను బయలుదేరితిని. మా సంఘములోని ఒక విధవరాలి కుమారుడు సెలవు ముగించుకొని అదే విమానమున తిరిగి పనికి పోవుచుండెను. బస్సు యెక్కునప్పుడు అతని తల్లి నా చేతులు పట్టుకొని, “మాస్టారండీ, మావాణ్ణి కాస్త కనిపెట్టి చూడండి. మీరున్నారనే నా ధైర్యం” అని చెప్పెను. నేను తల ఊపితిని. మా యిద్దరికి ప్రక్కప్రక్కనే సీట్లు దొరికెను.

విమానమునకు ఇంకను రెండు గంటల వ్యవధి యుండెను. ఆ బారు నొద్దకు రాగానే చిన్నవాడు నిలిచి, “మాస్టారండీ, పది నిమిషాలు కూర్చుందాం రండి. మీరు టీ తాగుదురుగాని. అక్కడికి పోతే రెండేళ్లు ఇది దొరకదు కదండీ” అనెను. కువైటు దేశమున మద్యము చట్టరీత్యా నిషిద్ధము. అతని ముఖము నవ్వుచుండెను గాని కన్నులు నవ్వుట లేదు. అది నేను చూచితిని. చూచియు, “నేను సంఘపెద్దను. ఇక్కడ కూర్చుండదగునా?” అని పలికి, సంచి తీసికొని దూరముగా పోయి, బైబిలు తెరచి కూర్చుంటిని. ఎవరైన మనవారు నన్ను ఆ సీసాల నడుమ చూతురేమోయన్న భయమే నాలో పెద్దదిగా నుండెను.

పిలుపు వచ్చినప్పుడు అతడు తూలుచు వచ్చెను. ద్వారమునొద్ద సిబ్బంది అతనిని ఆపిరి. మత్తులో నున్నవానిని విమానము ఎక్కనియ్యరు. అతడు నా వైపు చూచెను. నేను తల వంచుకొని లోపలికి పోయితిని. నాలుగు గంటల ప్రయాణములో నా ప్రక్కనున్న ఖాళీ సీటే నాకు ప్రసంగము చేసెను.

మద్యము మేలని నేను చెప్పుటలేదు. విమానము ఎంత యెత్తున పోయినను లోపలి గాలిని ఆరు మొదలు ఎనిమిది వేల అడుగుల కొండమీద నుండు గాలివలె ఉంచుదురు. ఊటీ కొండ యెత్తు ఇంచుమించు అంతే. అక్కడ రక్తమునకు ప్రాణవాయువు తగ్గును. దానికి మద్యము తోడైనయెడల దేహమునకు భారము హెచ్చును. మన దేశమున విమానము నడుపువారు 12 గంటల ముందునుండి మద్యము ముట్టరాదు. ఊపిరి పరీక్ష కూడ నున్నది. అది న్యాయమే.

చట్టమును కావలసినదే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాను ఎదిరించి లేచిరి. 1993లో సారాను, 1995లో సమస్త మద్యమును రాష్ట్రమున నిషేధించిరి. 1997లో ఆ సంపూర్ణ నిషేధమును సడలించిరి. నిషేధమున్న కువైటులోనే 2025 ఆగస్టులో కల్తీ మద్యము త్రాగి 20 మందికి పైగా చనిపోయిరి. చట్టము దుకాణమును మూయగలదు గాని, మనిషిలోని దుఃఖమును మూయలేదు.

ఎనిమిది దినములకు ఆ చిన్నవాడు అప్పు చేసి, మరియొక టిక్కెట్టు కొని కువైటు చేరెను. అక్కడ సంఘములు శుక్రవారమున ఆరాధనకు కూడుకొనును. ఆరాధన ముగిసిన తరువాత నేనే అతని యొద్దకు పోయి టీ త్రాగుదము రమ్మంటిని. చాలసేపటికి అతడిట్లనెను: “మా పాపకి ఏడు నెలలండీ. నన్ను చూస్తే ఏడుస్తుంది, కొత్తవాణ్ణని. తిరిగి వచ్చేటప్పటికి అసలు గుర్తే పట్టదు. ఆ రోజు మిమ్మల్ని ప్రార్థన చెయ్యమని అడుగుదామనుకున్నానండీ. మామూలుగా అడగడానికి సిగ్గేసి, ఓ గ్లాసు పడితే అడగొచ్చనుకున్నాను. ఈలోగా మీరు లేచిపోయారు.”

నా నోట మాట లేకపోయెను. లూకా సువార్త 10వ అధ్యాయములో గాయపడినవానిని చూచి ప్రక్కగా పోయిన యాజకుని, లేవీయుని గూర్చి నేను ఎన్నిసార్లు ప్రసంగించియుంటిని! నేనే ఆ లేవీయుడనని తెలిసికొనలేదు. ఇంకొక మాట యున్నది. ఆ సమరయుని యొద్ద నూనెయు ద్రాక్షారసమును ఉండెను. వాటిని గాయములమీద పోసెను. ద్రాక్షారసము కలిగినవాడు దిగి వచ్చెను. దానిని ముట్టని నేను తప్పుకొని పోయితిని. పాపులతో భోజనపంక్తిని కూర్చున్నందుకు మన ప్రభువునే త్రాగుబోతని దూషించిరి గదా! ఆయన పేరు పోవునని లేచిపోలేదు.

నేను అతనిని క్షమాపణ అడిగి, అక్కడనే ప్రార్థించితిని. అతడు పూర్తిగా మానివేసెనని నేను వ్రాయలేను. కాని ప్రతి శుక్రవారము నాకు ఫోను చేయును. కొన్ని వారములు సంతోషముగా, కొన్ని వారములు సిగ్గుతో మాటలాడును. రెండు విధములను నేను వినుచున్నాను.

సహోదరులారా, కల్లుపాక దారి తొక్కకుడి. అయితే అక్కడ మీ పొరుగువాని కుమారుడు కూర్చుండినయెడల, మీ పేరు కొరకు భయపడి వానిని విడిచి పోకుడి. వాని గ్లాసు మీరు ఎత్తనక్కరలేదు. వాని ప్రక్కన కూర్చున్న చాలును.

ప్రభువా, మా నీతి మమ్మును నీ బిడ్డలకు దూరము చేయకుండ కాపాడుము. ఆమేన్.